పాత మిద్దెలో కొత్త అంగడి

జుమా నమాజ్ ముగిసి ఇమాం సలాం చెప్పిన మరుక్షణమే మస్జిద్ మెట్ల మీద చెప్పుల సందడి మొదలవుతుంది. నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా ఆ మెట్లు దిగినవారికి తరచుగా ముందు ఎదురయ్యేది అంగళ్ల వరుసే. టోపీలు, అత్తరు అమ్మే అంగడి ఒకటి, టైలరు ఒకరు, గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరు, మూలన టీ కొట్టు. అజాన్ వినపడగానే బేరసారాలు కట్టిపెట్టి నమాజ్‌కు రావాలని, నమాజ్ పూర్తయ్యాక తిరిగి భూమి మీద వ్యాపించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించుకోవాలని దివ్య ఖుర్ఆన్‌లోని జుమా సూరా బోధిస్తుంది. పైన మస్జిద్, కింద అంగళ్లు ఉన్న మన పాత కట్టడాల్లో ఆ రెండు పనులకూ మధ్య పదిమెట్ల దూరమే ఉంటుంది.

ఆ వరుసలు ఇప్పుడు ముసలివయ్యాయి. దూలాల మీద నాపరాళ్లు పరిచి, పైన మట్టి పోసి కట్టిన మిద్దెలు అవి. వాన పడితే కారుతాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రం అయ్యాక ఆఫీసులు వచ్చాయి, జనం పెరిగారు, ఊరి నడిబొడ్డున జానెడు స్థలానికి కూడా గిరాకీ వచ్చింది. బాడుగలు కూడా అదే దారి పట్టాయి. దాంతో నలుగురు కమిటీ పెద్దలు కూర్చున్నచోటల్లా ఒకే చర్చ. పాతది పడగొట్టి కాంప్లెక్స్ కడదామా? లేక గోడలు బాగుచేసి, ముందు భాగం అందంగా తీర్చి, బట్టల షోరూములకూ హోటళ్లకూ ఇద్దామా? రెండో ఆలోచన మంచిదే. కానీ ఈ రోజు ఆ మలిగెల్లో కూర్చున్నవారి సంగతేమిటన్న ప్రశ్న మొదట రావలసింది పోయి ఎప్పుడూ చివరన వస్తోంది.

మోజంజాహి మార్కెట్‌లో ఏం జరిగింది?

పెళ్లి బట్టలకని హైదరాబాద్ వెళ్లే మన కుటుంబాలకు మోజంజాహి మార్కెట్ కొత్త కాదు. పత్తర్‌గట్టిలో కొనుగోళ్లన్నీ అయ్యాక, ఇక నడవలేమని ఆడవాళ్లు చెప్పాక, పిల్లలకు ఐస్‌క్రీం తినిపించడానికి అక్కడ ఆగడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. 1908లో మూసీ వరద నగరాన్ని దెబ్బతీసిన తరువాత 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండవ కుమారుడు మొఅజ్జం జా ఆ బోర్డుకు అధ్యక్షులుగా పనిచేశారు. 1935లో పూర్తయిన మార్కెట్‌కు ఆయన పేరే పెట్టారు. గ్రానైట్ రాతి కమానులు, గడియార స్తంభం, లోపల విశాలమైన ఆవరణ. మొదట అది పండ్ల మార్కెట్. 1980లలో పండ్ల టోకు వ్యాపారం కొత్తపేట వైపు తరలిపోయింది. పూలు, తమలపాకులు, అత్తరు, పొగాకు, మాంసం అంగళ్లు మిగిలాయి. ఐస్‌క్రీం అంగళ్లు పేరు సంపాదించాయి.

కాలక్రమంలో ఆ కమానులకు రేకుల పంచలు వెలిశాయి. ఎవరి బోర్డు వారిది, ఎవరి తీగలు వారివి. రాయి మసిబారింది, గడియారం ఆగింది. ఈ శతాబ్దపు మొదటి పదిహేనేళ్లలో చూసినవారికి ఆ కట్టడం అందం బోర్డుల వెనక దాగి ఉన్నట్టు తోచేది. 2018లో నగరపాలక యంత్రాంగం మరమ్మతులు చేపట్టింది. రేకులు తీశారు, రాయి కడిగారు, గడియారం నడిపించారు, 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు. లోపలి ఆవరణలో ఇప్పుడు సాయంత్రాలు ఖవ్వాలీ, దాస్తాన్‌గోయీ వంటి కార్యక్రమాలు జరిగిన సందర్భాలున్నాయి.

అందరూ గోడల గురించే రాశారు. నేను గమనించింది వేరొకటి. 1951 నాటి ఫేమస్ ఐస్‌క్రీం అక్కడే ఉంది, షా, బిలాల్ అక్కడే ఉన్నాయి. సీతాఫలం రోజుల్లో ఆవరణలో బల్లలు దొరకవు. జనం అక్కడికి కమాను చూడడానికే వస్తున్నారా, ఐస్‌క్రీం తినడానికే వస్తున్నారా అంటే ఎవరూ విడదీసి చెప్పలేరు. కట్టడం ఎంత వారసత్వమో, దాని నీడలో యాభై అరవై ఏళ్లు గిన్నె తిప్పిన చేయి కూడా అంతే వారసత్వం. ఐస్‌క్రీం అంగళ్లను పంపేసి, గాజు తలుపుల కంపెనీ దుకాణాలు తెచ్చి ఉంటే మోజంజాహి పేరు మిగిలేది, రాయి మిగిలేది. రంజాన్ తరావీహ్ తరువాత అక్కడికి నడిచివచ్చే కుటుంబాలు మాత్రం మరోచోట వెదుక్కునేవి.

అలా జరిగిన ఊళ్లూ ఉన్నాయి. లెబనాన్ రాజధాని బేరూత్‌లో అంతర్యుద్ధం పాత బజార్లను నాశనం చేసింది. 1994లో ఏర్పడిన సోలిదేర్ అనే కంపెనీ నడిబొడ్డు నగరాన్ని మళ్లీ కట్టే బాధ్యత తీసుకుంది. స్థల యజమానులకూ పాత అద్దెదారులకూ వారి హక్కులకు బదులుగా కంపెనీ వాటాలు ఇచ్చారు. 2009లో కొత్త బజారు తెరుచుకుంది. వీధుల పేర్లు పాతవే, అంగళ్లు మాత్రం ఎక్కువగా ఖరీదైన విదేశీ బ్రాండ్లవి. కూరగాయలమ్మిన మనిషికి షేర్ కాగితం చేతికొచ్చింది గానీ కూర్చునే చోటు రాలేదు.

ఇంతవరకు చెప్పింది నగరపాలక సంస్థ ఆస్తి సంగతి, కంపెనీ ఆస్తి సంగతి. మన మస్జిద్ మలిగెలకు వచ్చేసరికి లెక్క మారుతుంది. అక్కడ యజమాని స్థానంలో మనిషి లేడు, వక్ఫ్ ఉంది. ఆ లెక్క నాకు పుస్తకాల్లో కంటే ముందు మా ఇంట్లోనే తెలిసింది.

మా ఇంటి లెక్క

మా మామూ ఒకాయన ఆళ్లగడ్డలో ఒక మస్జిద్ మలిగెలో చాలాకాలం కుట్టుమిషన్ నడిపారు. ఏ మస్జిద్ అన్నది ఇక్కడ అవసరం లేదు. నెలకు తొంభై రూపాయలు బాడుగ. అది ఎప్పుడో కుదిరిన బాడుగ, మళ్లీ ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చూపు తగ్గాక మిషన్ ఇంటికి తెచ్చుకుని, మలిగెను ఒక బేకరీ అతనికి ఇచ్చారు. ముందుగా గుడ్‌విల్ కింద కొంత మొత్తం తీసుకున్నారు. హైదరాబాద్ వాళ్లు దీన్నే పగిడీ అంటారు. ఆపైన నెలకు రెండు వేలు. ఆ రెండు వేలలోంచి తొంభై తీసి మస్జిద్‌కు కట్టి, మిగిలింది ఇంట్లో వాడుకున్నాం. ‘వాడుకున్నాం’ అని ఎందుకంటున్నానంటే నా కాలేజీ ఫీజులో కూడా ఆ డబ్బు ఉంది.

ఆ రోజుల్లో ఎవరికీ ఇది తప్పనిపించలేదు. మామూ ఐదు పూటలా నమాజ్ చదివేవారు, ఎవరి పైసా ముట్టని మనిషిగా పేరు. అదే మస్జిద్‌లో ఇమాం సాహెబ్ జీతం పెంచడానికి ప్రతి రంజాన్‌లో చాదర్ పరిచి చందాలు అడిగేవారు. మామూ ఆ చాదర్‌లో నూరు రూపాయలు వేసేవారు. మస్జిద్ హక్కు డబ్బును మస్జిద్‌కే చందాగా వేస్తున్నామన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

ఈ కథ ఒక్క మా ఇంటిది మాత్రమే అయితే రాసేవాణ్ని కాదు. 2006లో జస్టిస్ రాజేందర్ సచార్ కమిటీ దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలకు పైగా ఉన్నాయని, వాటి మార్కెట్ విలువ 1.2 లక్షల కోట్ల రూపాయలని లెక్కవేసింది. వాటి మీద వస్తున్న ఏడాది ఆదాయం 163 కోట్లు. సక్రమంగా నడిపి పది శాతం రాబట్టినా 12,000 కోట్లు రావాలని ఆ కమిటీయే చెప్పింది. ఆ తేడా అంతా పెద్ద కబ్జాదారులు తిన్నదే అనుకోవడం మనకు సుఖంగా ఉంటుంది. తొంభై రూపాయల మలిగెలు కూడా అందులో ఉన్నాయి.

ధర్మశాస్త్రం ఏం చెప్పింది?

హజ్రత్ ఉమర్ (రజి) గారికి ఖైబర్‌లో మంచి భూమి దక్కింది. దాన్ని ఏం చేయమంటారని ఆయన దైవప్రవక్త ముహమ్మద్ (స) వారిని అడిగారు. మూలాన్ని కదలకుండా ఉంచి, దాని ఫలాన్ని దానం చేయడం మేలని సలహా లభించింది. ఆ భూమిని అమ్మరాదు, బహుమతిగా ఇవ్వరాదు, వారసత్వంగా పంచరాదు. చూసుకునేవాడు మాత్రం తన శ్రమకు తగినట్టుగా దానిలోంచి తినవచ్చు. ఈ ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉంది. మన వక్ఫ్ వ్యవస్థకు పునాదిరాయి ఇదే.

వారసత్వంగా పంచరాదన్న షరతు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. తండ్రి మలిగె కొడుకుది, కొడుకు మలిగె మనవడిది అని మనం అనుకుంటున్నది యజమానికే లేని హక్కు. అద్దెదారుకు అది ఎక్కడినుంచి వచ్చింది?

హనఫీ పండితులు ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టారు. ఇల్లు, అంగడి అయితే ఒక ఏడాది, సాగుభూమి అయితే మూడేళ్లు, వక్ఫ్ చేసినవారి షరతు వేరుగా లేకపోతే అంతకుమించి బాడుగకు ఇవ్వరాదని నిర్ణయించారు. ఎక్కువ కాలం ఒకే చేతిలో ఉంటే అది వక్ఫ్ అన్న సంగతే జనం మరచిపోతారని వారి భయం. అలాగే చుట్టుపక్కల అదేరకం అంగడికి నడుస్తున్న బాడుగ ఏదో, దాన్ని ‘ఉజ్రతె మిస్ల్’ అంటారు, అంతకు బాగా తక్కువకు ఇవ్వడానికి ముతవల్లికి అధికారం లేదన్నారు. స్నేహితుడని తగ్గించే వీలు లేదు. తగ్గించి ఇచ్చినా అద్దెదారు మీద పూర్తి బాడుగ బాకీ ఉంటుందన్నది వారి తీర్పు. మా ఇంటి రెండు వేలను ఈ తూకం రాళ్లతో తూచి చూసుకున్నప్పుడు నాకు కలిగిన ఇబ్బందిని వేరే చెప్పనక్కరలేదు.

మన దేశపు చట్టం కూడా ఆ లెక్కకు దగ్గరగానే మొదలైంది. 1995 వక్ఫ్ చట్టం 56వ సెక్షన్ మూడేళ్లకు మించిన లీజు చెల్లదంది, ఏడాది దాటితే బోర్డు అనుమతి కావాలంది. 2013 సవరణ వాణిజ్యం, విద్య, వైద్యం వంటి పనులకు గడువును 30 ఏళ్ల వరకు పెంచింది. పెట్టుబడి పెట్టి కట్టడం బాగుచేసేవాడికి మూడేళ్ల గడువు చాలదన్నది నిజమే. 2014 నియమాలు లీజును బహిరంగ బిడ్డింగు ద్వారా ఇవ్వమన్నాయి. 2025 సవరణ మరికొన్ని మార్చింది. ముతవల్లి బోర్డుకు కట్టవలసిన వాటా 7 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ జూన్ 6న ఆస్తుల వివరాలు ఎక్కించడానికి ఉమీద్ పోర్టల్ మొదలైంది. వక్ఫ్ ఆస్తి తిరిగి రాబట్టుకునే దావాకు కాలపరిమితి లేదని చెప్పిన 107వ సెక్షన్‌ను తొలగించారు. అంటే కాగితం లేని మలిగె, పేరు మార్చని రసీదు, నోటిమాట ఒప్పందం మునుపటికంటే ఇప్పుడు ఎక్కువ ప్రమాదం.

గతంలో ఒక పెద్ద నగరం ఈ గోతిలోనే పడింది. 1453లో ఇస్తాంబుల్‌ను జయించిన సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్, కొన్నేళ్లకే ఒక కప్పుగల బజారు కట్టించి, దాని బాడుగలను అయాసోఫియా మస్జిద్ వక్ఫ్‌కు రాశారు. నేటికీ ప్రపంచం నలుమూలల నుంచి జనం చూడవచ్చే గ్రాండ్ బజార్‌కు మూలం అదే. తరువాతి శతాబ్దాల్లో ఆ నగరంలో పదేపదే అగ్నిప్రమాదాలు జరిగాయి. కాలిన వక్ఫ్ అంగళ్లను తిరిగి కట్టడానికి వక్ఫ్‌ల దగ్గర డబ్బు లేదు. అప్పుడు ‘ఇజారతైన్’ అనే ఏర్పాటు వ్యాపించింది. రెండు బాడుగలని ఆ మాటకు అర్థం. అద్దెదారు కట్టడం విలువకు దగ్గరగా ఒక పెద్ద మొత్తం ముందే ఇచ్చేవాడు, ఆపైన ఏటా నామమాత్రపు బాడుగ. అంగళ్లు లేచి నిలిచాయి, సంతోషమే. కానీ ఆ హక్కు పిల్లలకు పోయింది, చేతులు మారింది, నాణెం విలువ పడిపోయింది, మస్జిద్‌కు మిగిలింది ఆ నామమాత్రం ఒక్కటే. మన గుడ్‌విల్, తొంభై రూపాయల కథకు ముత్తాత అది. నేడు పాత వరుసను బాగుచేయడానికి ‘పెట్టుబడి నేను పెడతాను, మలిగెలు నాకు రాసివ్వండి’ అని ముందుకొచ్చే బిల్డరుతో మాట్లాడబోయే కమిటీలు ఇస్తాంబుల్ సంగతి ఒకసారి గుర్తుచేసుకుంటే మంచిది.

అయితే టైలరు ఎక్కడికి పోవాలి?

ఇక్కడే చిక్కు. పూర్తి బాడుగ, బహిరంగ బిడ్డింగు అంటే గెలిచేది సెల్‌ఫోన్ షోరూమే. గడియారాల పెద్దాయన కాదు. మస్జిద్ హక్కు నిలబెట్టబోయి మస్జిద్ మెట్ల కిందే ఒక పేదవాడి పొయ్యి ఆర్పినవాళ్లమవుతాం. దీనికి నా దగ్గర సంపూర్ణ సమాధానం లేదు. కానీ ఒక తేడా మాత్రం కళ్లకు కడుతుంది. తానే కూర్చుని చేతిపనితో బతికే అద్దెదారు వేరు, మలిగెను మరొకరికి ఇచ్చి ఇంట్లో కూర్చుని తేడా తినే అద్దెదారు వేరు. మొదటివాడికి దయ చూపాలి, రెండోవాడికి లెక్క చూపాలి. మన కమిటీల్లో తరచూ తలకిందులుగా జరుగుతోంది. రెండోవాడు పలుకుబడి ఉన్నవాడు కనుక అతని జోలికి పోరు, మొదటివాడికి నోటీసు పోతుంది.

మలిగెలన్నీ ఒకే కొలత కానవసరం లేదు. గడియారాలు బాగుచేసేవాడికి ఆరడుగుల వెడల్పు చాలు. అంత చిన్న చోటుకు న్యాయమైన బాడుగ కూడా అతను మోయగలిగినంతే ఉంటుంది. రోడ్డు మొగాన ఉన్న పెద్ద మలిగెలూ, పైఅంతస్తు హోటలూ బజారు ధరకు పోతే, సందులోని చిన్న మలిగెలు చేతిపనులకు నిలుస్తాయి. పని మొదలుకాక ముందే, ఎవరు ఎన్ని నెలలు బయట ఉండాలి, ఎక్కడ ఉండాలి, తిరిగి ఏ నంబరు మలిగెలోకి రావాలి, ఏ బాడుగకు రావాలి అన్నది బోర్డు అనుమతితో కాగితం మీద ఉండాలి. పరంజా కట్టాక ఇచ్చే మాటకు బలం తక్కువ.

మదీనా బజారును గురించి చరిత్రకారులు చెప్పే ఒక విషయం నాకు ఇష్టం. అక్కడ ఎవరికీ స్థిరమైన చోటు ఉండేది కాదట. ఉదయం ముందుగా వచ్చి కూర్చున్నవాడికి సాయంత్రం దాకా ఆ చోటు. కూర్చుని పనిచేస్తున్నంతసేపే హక్కు.

ఇక హోటళ్ల సంగతి. పాత కట్టడానికి అన్నిటికంటే ముద్దొచ్చే అద్దెదారు హోటలే, అన్నిటికంటే బరువైన అద్దెదారూ హోటలే. దం బిర్యానీ, రంజాన్‌లో హలీం, పొద్దున ఉగ్గాని బజ్జీ, రోజంతా ఇరానీ చాయ్ అంటే జనం వస్తారు, మంచి బాడుగ వస్తుంది. అయితే గానుగ సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చి వదులుతూ ఉంటుంది. దాని మీద సిమెంటు పూసి, టైల్స్ అంటించి, వెనక పెద్ద పొయ్యి పెడితే ఆవిరి లోపలే చిక్కుకుని గోడ లోలోపల పిండి అవుతుంది. పొగగొట్టం, నూనె జిడ్డు పోయే కాలువ, సిలిండర్లకు బయట గది, ఇవి లేకుండా పాత మిద్దెలో వంటశాల పెట్టనివ్వరాదు. వీలైతే వంట వెనకనున్న కొత్త గదిలో, వడ్డన పాత కమానుల కింద. మస్జిద్ మలిగెలో మద్యం, వడ్డీ వ్యాపారం కూడవని చెప్పనక్కరలేదు. నమాజ్ వేళకు పాటల పెట్టె ఆపాలన్నది కూడా ఒప్పందంలోనే రాసుకుంటే తరువాత పోట్లాట ఉండదు. జుమా రోజు హోటలుకు వచ్చిన మోటారు సైకిళ్లు వుజూ ఖానా దారికి అడ్డం పెట్టరాదన్నది కూడా.

రాతిపనికి మనం ఎక్కడికో పోనక్కరలేదు. నాపరాయికి బేతంచెర్ల ఉంది. రాయిని చూసి దాని నరం ఎటు పోతుందో చెప్పే శిల్పులు ఆళ్లగడ్డలో ఉన్నారు. దేవాలయాలకు విగ్రహాలు, స్తంభాలు చెక్కి దూరదేశాలకు పంపుతున్న చేతులవి. విరిగిన కమాను రాయిని తీసి సరిగ్గా అదే కొలతకు మరో రాయి చెక్కిపెట్టడం వారికి పెద్ద పని కాదు. కర్నూలు, కడప రోడ్డు మీద ఆ ఉలి చప్పుడు వింటూనే మన కమిటీ పెద్దలు ఫైబర్ కమానులకు ఆర్డరు ఇవ్వడానికి బస్సెక్కుతున్నారంటే నాకు నవ్వు వస్తుంది.

మామూ పోయాక మలిగె ఎవరి పేరు మీదకు మార్చుకోవాలన్న మాట మా ఇంట్లో వచ్చింది. పెద్ద కొడుకు వద్దన్నాడు. తమ్ముళ్లు రెండు నెలలు అతనితో మాట్లాడలేదు. ముమానీ మాత్రం బీరువాలోంచి పాత రసీదుల కట్ట తీసి అతని చేతికిచ్చారు. ఒక జుమా నాడు నమాజ్ అయ్యాక అతను ఆ కట్టనూ తాళంచెవినీ కమిటీ ముందు పెట్టాడు. బేకరీ అతన్ని పంపేస్తారేమోనని అందరం భయపడ్డాం. పంపలేదు. కొత్త బాడుగ రెండు వేల ఆరు వందలకు కుదిరింది, అతను మాకు ఇచ్చిన గుడ్‌విల్‌ను మేం వాయిదాల్లో తిరిగి ఇస్తున్నాం, ఇంకా నాలుగు వాయిదాలు మిగిలాయి. రసీదు ఇప్పుడు మస్జిద్ పేరు మీదుగా నేరుగా బేకరీ అతనికే వెళ్తోంది.